డిట్లెవ్ వెనకాల గోడ

ఆ బుధవారం పొద్దున రోములోని ఒక కాఫీ కొట్టు వెనకగదిలో, ఆ ఊళ్ళో ఉంటున్న డేన్లు పదకొండు మంది కూడారు. కోపెన్‌హాగన్‌లో సాలింగ్ అనే పెద్ద వర్తకుడు కొత్త ఇల్లు కట్టుకున్నాడు. రోములో ఉంటున్న తన దేశపు చిత్రకారుల, శిల్పుల ముఖాలు భోజనాలగది గోడకి వరసగా తగిలించుకోవాలని ఆయన ముచ్చట. ఆ పని రోములోనే ఉన్న చిత్రకారుడు సేవెరిన్ క్రారుప్‌కి అప్పగించాడు. ఏడు ముఖాలు పూర్తయ్యాయి కూడా. ఇప్పుడు ఇంకో ఉత్తరం వచ్చింది. రెండు కిటికీల మధ్య ఇంకొక బొమ్మకి చోటుంది, ఎనిమిదోది కూడా వేసి పంపండి అని.

ఎనిమిదో మనిషి ఎవరో చెప్పడానికి డేన్ల సంఘం కార్యదర్శి ఊల్రిక్ స్కౌ లేచి నిలబడ్డాడు.

చెప్పనక్కర్లేదనే చాలామంది అనుకున్నారు. డిట్లెవ్ ముంక్ రోముకి వచ్చి ఏడేళ్ళు. ఉత్తరాది నుంచి ఏ డేను దిగినా ముందు అతని మెట్లే ఎక్కుతాడు. గది వెతికిపెట్టేది అతనే, ఇంటివాళ్ళతో పోట్లాడేది అతనే, పోలీసు కచేరీలో నివాసపు కాయితం మీద ముద్ర వేయించేది అతనే. జ్వరం వస్తే తలగడ పక్కన కూచునేదీ అతనే. తెల్లారకముందే ఊరి బయటికి పోయి, జానెడు కాయితాల మీద నూనెరంగుల్లో మబ్బులూ రాళ్ళూ గోడలూ వేసుకొస్తాడు. పెద్ద బొమ్మ మాత్రం ఏదీ ముగించడు. ముగించేలోపు ఎవరో ఒకరు తలుపు కొడతారు.

స్కౌ గొంతు సవరించుకుంటుంటే సేవెరిన్ చూపు ఎందుకో మూలబల్ల వైపు పోయింది. అక్కడ కూచున్న డిట్లెవ్, ఎవరూ తనని చూడటం లేదనుకుని, మెడకి చుట్టుకున్న గుడ్డ సర్దుకున్నాడు. కోటు మీద రాలిన రొట్టె పొడి దులుపుకున్నాడు.

"ఎంతో భవిష్యత్తు ఉన్న యువకుడు," అన్నాడు స్కౌ. "ఫ్లెమింగ్ రోసెన్‌వింగె."

రోసెన్‌వింగె వచ్చి మూడు నెలలయింది. పెద్దింటి పిల్లవాడు. మేనమామ రాజుగారి కొలువులో ఉన్నాడు. తన పేరు వినబడగానే పాపం చెవులదాకా ఎర్రబడిపోయాడు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది డిట్లెవే. గట్టిగా, మనస్ఫూర్తిగా కొట్టాడు. దాంతో మిగతావాళ్ళూ అందుకున్నారు.

బయట ఫౌంటెన్ దగ్గర సేవెరిన్ స్కౌని పట్టుకున్నాడు.

"డిట్లెవ్ సంగతేమిటండీ?"

"ఏం సంగతి?"

"ఎనిమిదో బొమ్మ అతనిది కావాలి. ఆ మాట మీకూ తెలుసు."

స్కౌ చేతికర్రతో నేల మీద ఎండిన ఆకుని పక్కకి తోశాడు. "చూడు క్రారుప్, డిట్లెవ్ అంటే నాకిష్టమే. ఎవరికి కాదు? బంగారం లాంటి మనిషి. కానీ సాలింగ్ గారు మంచివాళ్ళ బొమ్మలు అడగలేదయ్యా, చిత్రకారుల బొమ్మలు అడిగారు. ఏం వేశాడో చెప్పు. ఏడేళ్ళలో ఒక్కటి ప్రదర్శనకి పంపాడా?"

సేవెరిన్ నోటిదాకా ఒక మాట వచ్చి ఆగిపోయింది. స్కౌకి అకాడమీ పతకం తెచ్చిపెట్టిన బొమ్మ ఒకటుంది, వాన ముందర రోము మైదానం. ఆ బొమ్మకి ప్రాణం దాని ఆకాశం. ఆ ఆకాశం అంతకుముందు ఏడాది డిట్లెవ్ గది గోడ మీద గుండుసూదులతో గుచ్చి ఉండేది, కాయితం ముక్క మీద. ఆ గదిలో కాలుపెట్టిన ప్రతివాడికీ అది తెలుసు. ఎవడూ బయటికి అనలేదు.

"ఏమీ వెయ్యలేదంటారు," అన్నాడు చివరికి.

"నేననడమేమిటి, నువ్వే చూపించు," అని స్కౌ టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

సేవెరిన్‌కి ఒళ్ళు మండింది. చూపించమన్నావు కదా, చూపిస్తాను అనుకున్నాడు. ఇంటికి చేరేసరికి ఉపాయం తయారయింది. డిట్లెవ్‌ని అతని గదిలోనే కూచోబెట్టి వేస్తాడు. వెనకాల గోడ మీద ఆ ఆకాశాన్ని, కింద డిట్లెవ్ రాసుకున్న తేదీతో సహా, ఉన్నదున్నట్టు దించుతాడు. కోపెన్‌హాగన్‌లో స్కౌ బొమ్మ చూసినవాళ్ళు ఈ బొమ్మ కూడా చూస్తారు. ఆపైన ఎవరూ నోరు విప్పి చెప్పే పనే ఉండదు.

*

మర్నాడు పొద్దున చట్రానికి బిగించిన కాన్వాసు చంకన పెట్టుకుని, రంగులపెట్టె పట్టుకుని సేవెరిన్ డిట్లెవ్ ఉండే నాలుగో అంతస్తుకి ఎక్కాడు. మూడో మలుపులో ఇంటి యజమానురాలు సోరా ఎర్సీలియా మెట్టు మీద కూచుని ఆర్టిచోకు మొగ్గలు ఒలుస్తోంది. నల్లబడిన వేళ్ళతో పై రేకలు పీకి పారేస్తూ అతన్ని కిందనుంచి పైదాకా చూసింది.

"ఏం సెవెరీనో, తలుపు ఊడబెరుక్కుని ఎక్కడికి మోసుకుపోతున్నావు?"

"మీ సోర్ దిత్లేవో బొమ్మ వెయ్యడానికి," అన్నాడు, డిట్లెవ్ పేరుని ఆవిడ పలికే తీరులోనే పలుకుతూ.

"ఆయన బొమ్మా?" ఆవిడ చేతిలో కత్తి ఆగింది. "ఇన్నాళ్ళకి బుద్ధి పుట్టిందన్నమాట మీకు! కదలకుండా కూచోబెట్టగలవా అసలు? కుర్చీకి కట్టెయ్యి. తాడు నేనిస్తాను."

డిట్లెవ్ వినగానే నవ్వేశాడు. "నా మొహం ఎవడికి కావాలిరా? గడ్డం గీసుకునేటప్పుడు నాకే విసుగ్గా ఉంటుంది."

"రోసెన్‌వింగె తివోలి పోయాడు. వారందాకా రాడు. కాన్వాసు సిద్ధంగా ఉంది, చెయ్యి ఊరుకోవడం లేదు," అని సేవెరిన్ సగం నిజం చెప్పాడు.

"అట్లా అయితే సరే. చెయ్యి ఊరుకోకపోతే దానికేదో ఒకటి పెట్టాలి." డిట్లెవ్ కుర్చీని కిటికీ పక్కకి లాక్కుని, చొక్కా చేతులు పైకి మడుచుకుని, మోకాలి మీద పైపు పట్టుకుని కూచున్నాడు. వెలుగు ఎడమవైపు నుంచి నుదుటి మీద పడింది. "ఇట్లానా? ముక్కు కాస్త తగ్గించు, మా అక్క గుర్తుపట్టకపోయినా ఫరవాలేదు."

సేవెరిన్ మట్టిరంగుని తార్పీను నూనెలో పల్చగా కలిపి గీతలు మొదలుపెట్టాడు. కుంచె చాచి, ఒక కన్ను మూసి, నుదురు నుంచి గడ్డానికి ఎంత దూరమో కొలిచాడు. ఆ ముఖంలో లెక్కలకి అందనిది ఒకటుంది. ఏ మాట వినబడినా కొంచెం ముందుకి వంగే అలవాటు. వెనక్కి ఆనుకుని కూచోమంటే ముఖం చచ్చిపోయేది. ఎవరైనా తలుపు కొట్టగానే దానికి ప్రాణం లేచి వచ్చేది.

తలుపు కొట్టేవాళ్ళకి కొదవేమీ లేదు. మొదట మూడో అంతస్తులో ఉన్న జర్మను చెక్కుడు పనివాడు పన్ను నొప్పితో వచ్చాడు. డిట్లెవ్ లేచి లవంగనూనె ఇచ్చి పంపాడు. సేవెరిన్ కళ్ళగుంటల్లో నీడ పెట్టేసరికి ఎదురింటి చాకలావిడ ఉత్తరం చదివించుకోవడానికి వచ్చింది. సైన్యంలో ఉన్న కొడుకు బాగానే ఉన్నాడని విని, డిట్లెవ్ రెండు చేతులూ పట్టుకుని ముద్దుపెట్టుకుని వెళ్ళింది.

"కదిలావా?" అని కుర్చీలోకి తిరిగొస్తూ తనే అడిగాడు డిట్లెవ్.

"నేనా కదిలేది?"

"సరేలే, కోప్పడకు."

మధ్యాన్నానికి బుగ్గల మీద రంగు కుదిరింది. సీసపు తెలుపులో పచ్చమట్టి, చిటికెడు ఇంగిలీకం. ఏడేళ్ళ రోము ఎండ ఆ తోలు మీద కూచుని ఉంది. ఇక అసలు సంగతికి వస్తూ, కుంచె తుడుచుకుంటున్నట్టు నటిస్తూ సేవెరిన్ అన్నాడు. "వెనకాల గోడ బోసిగా ఉంది డిట్లెవ్. నీ కాయితాలేవైనా గుచ్చితే బాగుంటుంది. ఆ మబ్బుల బొమ్మ ఒకటుండేదే, వాన ముందర వేసింది..."

డిట్లెవ్ పైపు తిరగేసి బూడిద అరచేతిలోకి రాల్చుకున్నాడు. "మంచం కింద అట్టల మధ్య ఉండాలి. నువ్వే తీసుకో. ఆ కొత్తగా వచ్చిన శిల్పిని నేను కచేరీకి తీసుకుపోవాలి, మూసేస్తే వాడు మళ్ళీ రేపటిదాకా ఆగాలి." కోటు తొడుక్కుని తలుపు దాకా వెళ్ళినవాడు వెనక్కి తిరిగాడు. "నీకు నచ్చింది ఏదైనా పెట్టుకో. అన్నీ ఒకటే."

*

అట్టలు బరువుగా ఉన్నాయి. సేవెరిన్ వాటిని కిటికీ కిందికి ఈడ్చుకొచ్చి, నేల మీద కూచుని ముడి విప్పాడు. రెండువందలకి పైనే ఉంటాయి కాయితాలు. ఒక్కోటీ అరచేతి వెడల్పు, జానెడు, రెండు జానలు. కూలిన కాలువ గోడ మీద పొద్దుటి ఎండ. ఏమీ లేని ఇసుకగుంట. గాడిద నీడ, గాడిద లేకుండా. తిప్పుతున్నకొద్దీ అతని వేళ్ళు నెమ్మదించాయి. ఇన్ని ఉన్నాయని ఎవరికి తెలుసు?

ఆకాశం దొరికింది. నాలుగు మూలలా సూదుల బెజ్జాలు. సీసం రంగు మబ్బు, దాని అంచున చల్లని పసుపు వెలుగు, కింద సన్నని మైదానం. స్కౌ బొమ్మలో ఉన్నది ఇదే, ఒక్క కొస కూడా తేడా లేదు. "దొరికావు," అని పైకే అన్నాడు సేవెరిన్. దాన్ని పక్కన పెట్టి, ఊరికే, చూడాలని ముచ్చటేసి, ఇంకో నాలుగు తిప్పాడు.

ఐదోది చేతిలోనే ఉండిపోయింది.

ఒక పెరటి బావి. బావి పక్కనుంచి పైకిపోయే రాతిమెట్లు, అప్పుడే నీళ్ళు ఒలికి తడిసినవి. ఎడమనుంచి పొద్దుటి వెలుగు మూడో మెట్టు మీదే పడి, తడి రాయి మెరుస్తోంది. మెట్ల మీద ఒక ఆడమనిషి, తలమీద రాగి బిందె. కింద సన్నని అక్షరాలు: అరీచా, అక్టోబరు 1834.

సేవెరిన్ రోముకి వచ్చింది 1836లో. ఆ శరత్తులో రోము దగ్గరి అరీచా అనే ఊరికి పోయాడు. అక్కడ ఒక పెరట్లో అడుగు పెట్టగానే, ఇదే నా బొమ్మ, పుట్టినప్పటినుంచీ నాకోసం ఎదురుచూస్తోంది అనిపించింది. మూడు వారాలు కూచుని వేశాడు. బావి, తడిమెట్లు, మూడో మెట్టు మీద వెలుగు, రాగి బిందెతో ఆడమనిషి. ఆ బొమ్మ కోపెన్‌హాగన్‌కి పోయింది. ప్రదర్శనలో జనం గుంపులుగా నిలబడి చూశారని పత్రికలు రాశాయి. అకాడమీ అతనికి ఇంకో రెండేళ్ళు భృతి పొడిగించింది. ఆ బొమ్మ చూసే కదా సాలింగ్ ఈ పని తనకిచ్చాడు.

కాదు, నేను దీన్ని ఎప్పుడూ చూడలేదు అనుకున్నాడు. అదే పెరడు, ఇద్దరం వేశాం, అంతే. అట్లా అనుకుంటూనే కాయితం మూలల్లో సూదుల బెజ్జాలు చూశాడు.

తలుపు తోసుకుని ఎర్సీలియా గిన్నెతో లోపలికొచ్చింది. "సూపు. ఆయన తినకుండా పోయాడు, నువ్వైనా తిను." గిన్నె కిటికీ గట్టు మీద పెట్టి, అతని చేతిలోకి తొంగిచూసి ఒక్కసారిగా నవ్వింది. "ఓహో, నీ ప్రియురాలు!"

"ఎవరు?"

"ఇదేనయ్యా, ఈ బిందె పిల్ల. మరిచిపోయావా? ఈ ఊరు వచ్చిన కొత్తలో నీకు ఆ పాడు జ్వరం వచ్చినప్పుడు పంతొమ్మిది రోజులు ఈ గదిలోనేగా పడున్నావు. నీ మంచానికి ఎదురుగా గోడకి గుచ్చాడు దీన్ని. జ్వరంలో ఉన్నవాడికి తడి ఏదైనా కంటికి ఎదురుగా ఉండాలన్నాడు. నువ్వు ఈ పిల్లని నీళ్ళడిగేవాడివి. అమ్మా, ఒక్క గుక్క పొయ్యమ్మా అని. మా భాషలో కూడా కాదు, మీ భాషలో. ఆయన నాకు చెప్పి నవ్వేవాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకునేవాడు." ఆవిడ నడుముకి కట్టుకున్న గుడ్డతో గిన్నె అంచు తుడిచింది. "నువ్వు అడిగినప్పుడల్లా, ఇదిగో ఆవిడే పంపిందని చెప్పి లోటాతో నీ నోట్లో పోసేవాడు. వేరేగా ఇస్తే తాగేవాడివి కాదుగా."

సేవెరిన్ కాయితాన్ని జాగ్రత్తగా అట్టల మీద పెట్టాడు.

"సూపు చల్లారిపోతుంది," అంది ఎర్సీలియా.

*

రెండు రోజులు అతను ఆ మెట్లు ఎక్కలేదు. కుంచెలు కడగకుండా వదిలేశాడు. శనివారం పొద్దున ఊరి ద్వారం దాటి, వంతెన దాకా నడిచాడు. గొర్రెలమంద ఒకటి ఎదురొచ్చి దారంతా కమ్ముకుంటే, అది పోయేదాకా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. బుధవారం నుంచి తను స్కౌని మనసులో తిట్టిన తిట్లన్నీ ఒక్కోటే తిరిగొచ్చాయి. దొంగ అన్నాడు. నోరులేనివాడి సొమ్ము తిన్నాడన్నాడు. స్కౌ తెలిసి తీసుకున్నాడు, నేను తెలియక తీసుకున్నాను అని సర్దిచెప్పుకోబోయాడు. కానీ తెలియక తీసుకున్నవాడికి కూడా సూదుల బెజ్జాలు కనబడ్డాక తెలుస్తుంది కదా. అవి కనబడి రెండు రోజులయింది. ఇప్పుడు తను తెలిసినవాడే.

ఆదివారం ప్రార్థన గంటలు మోగుతుండగా డిట్లెవ్ గదికి పోయాడు. డిట్లెవ్ కిటికీ దగ్గర పచ్చి చిక్కుళ్ళు ఒలుచుకుని జున్నుముక్కతో తింటున్నాడు.

"వచ్చావా? సగం మొహం వేసి పారిపోయావు. చెయ్యి ఊరుకుందేమిటి?" అని చిక్కుళ్ళ పళ్ళెం ముందుకి జరిపాడు.

సేవెరిన్ నిలబడే అడిగాడు. "అరీచా బొమ్మ నీదని నీకు తెలుసా?"

డిట్లెవ్ నములుతున్నది మింగి, చేతులు దులుపుకున్నాడు. "కూచో ముందు."

"తెలుసా, తెలియదా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"నువ్వు చట్రం తిప్పి మాకందరికీ చూపించావే, అప్పటినుంచి." డిట్లెవ్ ఇంకో చిక్కుడుకాయ తీసుకుని ఒలవకుండా వేళ్ళ మధ్య దొర్లించాడు. "చెప్పనా? ఆ పూట నాకు అన్నం సహించలేదు. రెండు రోజులు నీతో మాట్లాడలేదు. నువ్వు గమనించలేదులే, అందరూ నీ చుట్టూ మూగి ఉన్నారు."

"ఎందుకు చెప్పలేదు?"

"చెబుదామనే వచ్చాను మూడోరోజు. నువ్వు ఎదురొచ్చి నన్ను కావిలించుకున్నావు. బతికాను డిట్లెవ్, ఈ బొమ్మ వెయ్యడానికే బతికాను అన్నావు. ఆ మనిషితో ఏం చెప్పను?" అతను నవ్వాడు. "ఇంకొకటి. నా కాయితంలో ఆ పిల్ల మెట్లెక్కి పోతూనే ఉంది, వీపు తప్ప ఏమీ కనబడదు. నీ దాంట్లో ఒక అడుగు ఆగి వెనక్కి చూసింది. నాకు తట్టలేదది. అక్కడ నాలుగు పొద్దులు కూచున్నా నాకు తట్టలేదు. నీళ్ళడిగినవాడివి నువ్వు కదా, అందుకని నీ వైపు తిరిగింది."

సేవెరిన్ మంచం అంచున కూలబడ్డాడు. రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. డిట్లెవ్ లేచివచ్చి, ఏం చెయ్యాలో తోచక, చిక్కుళ్ళ పళ్ళెం తెచ్చి అతని ఒళ్ళో పెట్టాడు.

"మొన్న కాఫీ కొట్లో," అన్నాడు సేవెరిన్ తల ఎత్తకుండా, "స్కౌ లేచినప్పుడు నువ్వు మెడగుడ్డ సర్దుకున్నావు. చూశాను."

డిట్లెవ్ మొహం మొదటిసారి కందిపోయింది. "చూశావా? ఛీ." కిటికీ వైపు తిరిగాడు. "ముప్ఫై తొమ్మిదేళ్ళొచ్చాయిరా నాకు. ఇంకా మెడగుడ్డ సర్దుకుంటున్నాను."

కాసేపు ఇద్దరూ చిక్కుళ్ళు తిన్నారు. ఆ తర్వాత సేవెరిన్ లేచి కుంచెలు కడిగాడు, కుర్చీని కిటికీ పక్కకి లాగి, "కూచో," అన్నాడు.

ఆ రోజు తలుపు కొట్టినవాళ్ళందరినీ ఎర్సీలియా మెట్ల మీదే ఆపేసింది. పోపుగారొచ్చినా పంపనని ప్రకటించింది. అయినా డిట్లెవ్ మెట్ల మీద చప్పుడు వినబడ్డప్పుడల్లా ఆ వైపు ఇంతంత వంగుతూనే ఉన్నాడు. సేవెరిన్ సరిగ్గా ఆ వంగడమే వేశాడు. ఆరు పూటలు పట్టింది మొత్తం. ఆఖరి రెండు పూటలు వెనకాల గోడ వెయ్యడానికే పట్టాయి. ఆకాశాన్ని అట్టల్లో తిరిగి పెట్టేశాడు. గోడకి బావిమెట్ల కాయితం గుచ్చి, తడి మూడో మెట్టూ, రాగి బిందె మీద చుక్కంత వెలుగూ, కింద వెంట్రుకంత కుంచెతో "అరీచా, అక్టోబరు 1834" కూడా, ఒక్క అక్షరం తప్పకుండా దించాడు.

*

సంఘం వాళ్ళకి ఈ వార్త మూడోనాటికే చేరింది. ఎర్సీలియా నోట్లో మాట దాగదు. గోడ మీద బొమ్మ ఒకటి పెడుతున్నారట, తేదీతో సహా. ఏ బొమ్మో మాత్రం ఆవిడ చెప్పలేదు. బొమ్మ పూర్తయిన మర్నాడు స్కౌ సేవెరిన్ గదికి వచ్చాడు. టోపీ తియ్యలేదు. ముఖం పాలిపోయి ఉంది.

"రోసెన్‌వింగె కాన్వాసు మీద ఎవరినో వేశావని విన్నాను."

"డిట్లెవ్‌ని."

"చూడొచ్చా?"

సేవెరిన్ పక్కకి తప్పుకున్నాడు. స్కౌ మనిషిని చూడలేదు. కళ్ళు నేరుగా వెనకాల గోడకి పోయాయి. ఊపిరి బిగబట్టి చూసి, వదిలాడు. తర్వాత కనుబొమలు ముడిచి దగ్గరికి వంగాడు.

"ఇది నీ బొమ్మ కదయ్యా? బావి బొమ్మ."

"తేదీ చూడండి."

స్కౌ చూశాడు. ఇంకోసారి చూశాడు. "నీకు మతి పోయిందా? ఇది అక్కడికి పోతే... సాలింగ్ భోజనాలగదిలో సగం అకాడమీ కూచుని తింటుంది. నీ భృతి ఏమవుతుందో ఆలోచించావా?"

"ఆలోచించాను. భయంగానే ఉంది."

"మరి?"

"రెండేళ్ళ కిందట ఆ మనిషి నాకు లోటాతో నీళ్ళు పోశాడండీ. నేను బతికున్నాను. బొమ్మలేస్తున్నాను. ఈ సంగతి ఎక్కడో ఒకచోట కనబడాలి కదా. నాకు వచ్చిన పని ఇదొక్కటే, అందుకని ఇక్కడే కనబడేట్టు పెట్టాను."

స్కౌ తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు. అడుగుల చప్పుడు కిందదాకా దిగి వీధిలో కలిసింది. సేవెరిన్ రంగులపలక గీకడం మొదలుపెట్టాడు.

పావుగంట కాకుండానే మెట్ల మీద మళ్ళీ అడుగులు. స్కౌ రొప్పుతూ తలుపులో నిలబడ్డాడు. ఈసారి టోపీ చేతిలో ఉంది.

"ఆ పక్కన," అన్నాడు, గోడకేసి కాకుండా నేలకేసి చూస్తూ. "ఆ కాయితం పక్కన ఖాళీ ఉంది కదా. ఇంకొకటి పడుతుందా?"

సేవెరిన్ చేతిలో గీకే కత్తి ఆగిపోయింది.

"ఆకాశం," అన్నాడు స్కౌ. "అట్టల్లో ఉంటుంది, నీకు తెలిసే ఉంటుంది. నేను ఆ పతకం డబ్బాలోంచి తీసి ఎప్పుడూ చూసుకోలేదు క్రారుప్. మా ఆవిడ చూపించమంటే తాళం పోయిందని రాశాను." టోపీ అంచు పట్టుకుని ఒకసారి తిప్పాడు. "రోసెన్‌వింగెకి నేను చెబుతాను. ఇరవై రెండేళ్ళవాడు, వాడికి ఇంకా బోలెడు గోడలున్నాయి. సాలింగ్‌కి కూడా నేనే రాస్తాను."

"మీరు డిట్లెవ్‌తో మాట్లాడారా?"

"లేదు. ఇప్పుడు పోతున్నాను. ఏం మాట్లాడాలో తెలియడం లేదు."

"తినడానికి ఏదో ఒకటి పెడతాడు," అన్నాడు సేవెరిన్. "అది తింటూ ఉండండి. మాట అదే వస్తుంది."

ఆ మధ్యాన్నం సేవెరిన్ అట్టలు తెచ్చుకోవడానికి పోయేసరికి నాలుగో అంతస్తు గదిలోంచి డిట్లెవ్ నవ్వు మెట్లదాకా వినబడుతోంది. దానిలో కలిసి ఇంకొక గొంతు, సరిగ్గా నవ్వడం చేతకానిది.

*

ఆకాశం వేశాక డిట్లెవ్‌ని పిలిచి చూపించాడు. డిట్లెవ్ చేతులు వెనక్కి కట్టుకుని కాన్వాసు ముందు చాలాసేపు నిలబడ్డాడు. తన ముఖం కేసి ఒకసారి చూసి, సిగ్గుపడి చూపు తప్పించాడు. బావిమెట్లు చూశాడు. ఆకాశం దగ్గరికొచ్చేసరికి వంగి, ఇంకా వంగి, వేలు చూపించాడు.

"ఈ కుడివైపు మబ్బు నేను చెడగొట్టానురా ఆ రోజు. గాలికి కాయితం ఎగిరి బొటనవేలు తగిలింది."

"అవును. నేను కాస్త బాగుచేశాను."

"మళ్ళీ చెడగొట్టు."

సేవెరిన్ నవ్వబోయి అతని ముఖం చూసి ఆగిపోయాడు. డిట్లెవ్ కళ్ళనిండా నీళ్ళున్నాయి. కానీ గొంతు మాత్రం పని చెప్పే మేస్త్రీ గొంతులా గట్టిగా ఉంది. "అది నాదంటున్నావు కదా. అయితే నాది ఎట్లా ఉందో అట్లాగే ఉండాలి. చెడగొట్టు."

సేవెరిన్ కుంచె తీసుకుని, ఆ మబ్బు అంచుని బొటనవేలు తగిలినట్టుగా చెరిపాడు. డిట్లెవ్ ఇంకా దగ్గరికొచ్చి చూసి, తల ఊపాడు. "ఆఁ. ఇప్పుడు సరే."

బొమ్మని మూడు వారాలు ఎండనిచ్చారు. ఓడరేవుకి పోయే బండి వచ్చే రోజున ఎనిమిది కాన్వాసులూ సేవెరిన్ గదిలో గోడవారగా నిలబెట్టి ఉన్నాయి. మధ్యమధ్య గడ్డి కుక్కి, మెత్తని పాతగుడ్డలు చుట్టి, పెట్టెలో దించారు. మేకులు కొట్టేది ఎవరన్న మాట వచ్చేసరికి, డేన్లలో ఎవరికీ సుత్తి పట్టుకోవడం రాదని తేలిపోయింది. సేవెరిన్ మొదటి మేకుని వంకర కొట్టాడు. స్కౌ వేలు కొట్టుకున్నాడు.

"అవతలికి జరగండి," అని డిట్లెవ్ కోటు విప్పి పడేసి, పెదవుల మధ్య అరడజను మేకులు ఇరికించుకుని, పెట్టె మీద ఒక మోకాలు ఆనించి పని మొదలుపెట్టాడు. స్కౌ వేలు నోట్లో పెట్టుకుని, బండివాడిని పిలుచుకురావడానికి కిందికి దిగాడు. గదిలో ఇద్దరే మిగిలారు.

సేవెరిన్ పెట్టె మూతపలక కదలకుండా రెండు చేతులా నొక్కి పట్టుకున్నాడు. ఈ మాట చెప్పాలని మూడు వారాలుగా అనుకుంటున్నాడు. ప్రతిసారీ డిట్లెవ్ ఏదో జోకు వేసి తప్పించుకున్నాడు.

"డిట్లెవ్. ఆ పంతొమ్మిది రోజులు నాకు గుర్తులేవు. ఒక్కటి కూడా లేదు. నాకు గుర్తులేనిదానికి నీకు కృతజ్ఞత ఎట్లా చెప్పుకోవాలో తెలియలేదు ఇన్నాళ్ళూ. నువ్వు చేసినదానికి... నేను నీకు రుణపడి ఉన్నానని కాదు, అది అందరూ అనే మాట. ఇవాళ పొద్దున లేచి కిటికీ తీసి చూశాను చూడు, ఆ చూడటం నువ్విచ్చింది. అంతే."

డిట్లెవ్ తల ఎత్తాడు. పెదవుల మధ్య మేకులు. జవాబు చెప్పడానికి వీల్లేదు, జోకు వెయ్యడానికీ వీల్లేదు, పారిపోవడానికి మోకాలు పెట్టె మీద ఉంది. వినాల్సిన మాట మొత్తం విన్నాడు. ముఖం చెవులదాకా ఎర్రబడింది. కాసేపు అట్లాగే సేవెరిన్ కేసి చూసి, పక్కకి ఒకసారి తల ఊపాడు, పలక జరిగింది, ఎడమకి తియ్యి అని.

సేవెరిన్ ఎడమకి జరిపి గట్టిగా పట్టుకున్నాడు. డిట్లెవ్ నోట్లోంచి ఒక మేకు తీసి, మొన సరిగ్గా గుర్తు మీద ఆనించి, సుత్తి ఎత్తాడు.